తావ్ గారు మూసిన గిన్నెలు

బీజింగ్ థియన్‌చావ్ మైదానంలో తావ్ వెన్‌హాయ్‌కి తెలియని చరిత్ర లేదు. తెలియనిదల్లా పని. పన్నెండేళ్లుగా ఆయన ఒక్క గిన్నె బోర్లించిన పాపాన పోలేదు. గారడీవాళ్ల సంఘానికి పెద్ద కాబట్టి టీకొట్టులో కూర్చుని, రెండు గిన్నెలు, మూడు ఉండల ఆట ఎలా పుట్టిందో వచ్చేపోయేవాళ్లకు కోతలు కోయడమే ఆయన ఉద్యోగం. పైలోకంలో ఒక దేవుడు పొద్దుపోక మూడు పీచ్ పండు గింజల్ని గిన్నెల కింద దాచాడట. దేవుడికి వేరే పనీపాటా లేనట్టు. అక్కడినుంచి పంతొమ్మిది తరాల గురువుల పేర్లు గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పేవాడు. పంతొమ్మిదో పేరు ఎవరిదో వేరే చెప్పాలా? పరదేశాల్లో మూడు గిన్నెలతో ఆడతారని ఎవరైనా అంటే, "మన దగ్గర దొంగిలించిందే. చేతకాక ఇంకో గిన్నె కలుపుకున్నారు" అని తీసిపారేసేవాడు.

మెంగ్ రుయీకి ఆ పేర్లలో ఒక్కటీ రాదు. ఈ ఆటే ఆడిన ఆమె మొగుడు నిరుడు చలికాలం దగ్గుతో పోయాడు. పదిహేనేళ్లు అతని పక్కన కూర్చుని ఎర్రగుడ్డతో ఉండలు కుట్టింది. అతను మర్చిపోయిన మెలకువలు అతనికే గుర్తుచేసింది. అయితే ఏ గురువు ముందూ మోకరిల్లలేదు. పెళ్లానికి కూడా ఆ తంతు ఉండాలని ఎవరికి తోచింది? ఇప్పుడు ఆమె నేలమీద తెల్ల ఇసుకతో గిరి గీసుకుని, నీలం గుడ్డ పరుచుకుని, ఆ ఆటే ఆడి పొట్టపోసుకుంటోంది. ఈ గిన్నెలు పోతే మిగిలేది బావగారింట్లో అంట్లు తోమడం. ఆ ఇంటి తోడికోడలి నోరు తలుచుకుంటేనే ఆమెకు ఒళ్లు మండుతుంది.

ఆ మధ్యాహ్నం జనం గిరి చుట్టూ మూడు వరుసలు కట్టారు. ఆట సగంలో ఉంది. మూడు ఉండలూ కుడి గిన్నె కిందే ఉన్నాయని జనం అనుకుంటున్నారు. ఆమె మంత్రదండంలా పట్టుకున్న చాప్‌స్టిక్‌తో ఎడమ గిన్నె మీద తట్టబోతుండగా తావ్ గిరిలోకి అడుగుపెట్టి, జేబురుమాలు తీసి రెండు గిన్నెల మీదా కప్పాడు.

మైదానంలో దాని అర్థం చంటిపిల్లాడికి కూడా తెలుసు. గురువెవరో చెప్పాలి, లేదా సామాను వదులుకోవాలి.

"వదినా, నీ గురువెవరు?"

"నాకు గురువు లేడు, తావ్ గారూ."

"మరి పంతొమ్మిది తరాల విద్యని ఏ మొహం పెట్టుకుని ఆడుతున్నావు?"

"ఉన్నది ఈ ఒక్క మొహమే. ఏం చెయ్యమంటారు?"

జనంలో నవ్వులు లేచాయి. ముందు వరుసలో నిలబడ్డ తోటి గారడీవాళ్లు నలుగురు బూట్లు చూసుకుంటున్నారు. మొగుడు పోయినరోజు గుక్కపట్టి ఏడ్చింది వీళ్లే. ఒక్కడికైనా నోరు పెగిలితేనా.

"సరే, రూలు రూలే. తీసుకెళ్లండి" అంది ఆమె, చేతులు ఒళ్లో పెట్టుకుని.

తావ్ ఠీవిగా వంగి రుమాలు లాగేశాడు. గిన్నెలమీద చెయ్యి వేయబోయాడు.

"ఓ పెద్దాయనా, ఆగు" అన్నాడు ముందు వరుసలోని కసాయి. "ఉండలు ఎక్కడికి పోయాయో చూపించి కదులు. గంటనించి ఎండలో నిలబడ్డాం."

"చూపించాల్సిందే" అన్నారు వెనకనించి.

తావ్ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. అప్పుడు తట్టింది ఆయనకు. ఆట నడుస్తుండగా రుమాలు కప్పాడు. గిన్నె ఎత్తితే లోపలున్నది ఉన్నట్టు బయటపడుతుంది. జనం ముందు కిటుకు బయటపెట్టినవాణ్ణి మైదానం నుంచి శాశ్వతంగా గెంటేస్తారు. ఆ రూలు రాసింది కూడా ఈయనే. కిటుకు బయటపడకుండా ఆట పూర్తి చేయాలంటే ఏ ఉండ ఎక్కడుందో తెలియాలి. పైలోకంలో గింజలు ఎక్కడ దాచారో తెలిసిన మనిషికి, ముక్కుకింద మూడు గుడ్డ ఉండలు ఎక్కడున్నాయో తెలియలేదు.

గొంతుక్కూర్చుని, ఆట చూస్తున్నట్టు నటిస్తూ, పెదాలు కదపకుండా అడిగాడు.

"వదినా, ఎక్కడున్నాయవి?"

తోటివాళ్లు నలుగురూ విన్నారు. ఈసారి బూట్లవైపు చూడలేదు.

రుయీ కుడి అరచేయి మరింత గట్టిగా ముడిచింది. మూడో ఉండ అక్కడే ఉంది. మిగతా రెండూ అప్పటికే ఎడమ గిన్నె కింద చేరాయి.

"అడిగేవాడు ముందేం చెయ్యాలి, తావ్ గారూ? చరిత్ర మీకే బాగా తెలుసు."

కిటుకు అడిగినవాడు ముందు మోకరిల్లి శిష్యుడవ్వాలి. కసాయి ఒక అడుగు ముందుకేశాడు. తావ్ వెనక్కి చూశాడు. దారి ఇచ్చేవాడు ఎవడూ లేడు.

ఆయన మోకాళ్లు ఒకదాని తర్వాత ఒకటి తెల్ల ఇసుకలో ఆనాయి. తల వంగింది. ముసలాయన గిన్నెలోకి తొంగి చూస్తున్నాడనుకుని జనం ముచ్చటపడ్డారు. ఆ నలుగురికి మాత్రం ఏం జరిగిందో తెలుసు.

రుయీ చాప్‌స్టిక్ అందుకుని ఎడమ గిన్నె మీద తట్టింది, కుడి గిన్నె ఎత్తి ఖాళీగా ఉందని చూపించింది, తర్వాత అరచేతిలోది కనపడకుండా జారవిడుస్తూ ఎడమది ఎత్తింది. మూడు ఎర్ర ఉండలూ ఒకచోటే ఉన్నాయి. జనం ఈలలు వేశారు. తావ్ తల వంచుకునే ఉన్నాడు. గురువు లేవమనేదాకా శిష్యుడు లేవకూడదు.

ఆమె లేవమనలేదు. గిన్నెలు తుడిచి మళ్లీ బోర్లించి, రెండో ఆట మొదలుపెట్టింది.