కుళ్ళాయప్ప సంతకం

పాత పోగు కొస, కొత్త పోగు కొస. బూడిద అద్దిన వేళ్ళ మధ్య రెంటికీ ఒక్క మెలి. అతికింది. మళ్ళీ ఇంకో పోగు. ధర్మవరంలో చీర దిగిన మగ్గానికి కొత్త పడుగు ఎక్కాలంటే వేల పోగులు ఇట్లా ఒక్కొక్కటే అతకాలి. నలభై ఏళ్ళుగా కుళ్ళాయప్ప బతుకు ఇదే. మగ్గం తనది కాదు, పట్టు తనది కాదు, అతుకు ఒక్కటే తనది. వీపు ఒంగిపోయింది. బొటనవేలి గీతలు అరిగిపోయి రేషన్ మిషన్ అతన్ని గుర్తుపట్టదు. వేలిముద్ర పడని ఆ చేతికి సంతకం మాత్రం అందంగా వస్తుంది. వీధిలో ఎవరికి సాక్షి కావాలన్నా అతన్నే పిలిచేవాళ్ళు. కాగితం దేనికని ఏనాడూ అడగలేదు. తనను పెద్దమనిషిని చేశారని మురిసేవాడు. ఇట్లాంటి వాళ్ళ మురిపెం మీదే దొంగలు మేడలు కడతారు.

ఆ రోజు పడుగు సగంలో వదిలేసి పెనుకొండ బస్సెక్కాడు. నెల కిందట అక్క లక్ష్మీదేవి పోయింది. పిల్లల్లేని విధవ. పెనుకొండలోని తన రెండు గదుల ఇల్లు, మంచాన పడ్డ తనకు తొమ్మిదేళ్ళు చాకిరీ చేసిన యల్లక్కకు చెందాలని మూడేళ్ళ కిందట వీలునామా రాయించింది. అది జరిపించే బాధ్యత తమ్ముడి మీద పెట్టింది. ఆ ఇల్లు పోతే యల్లక్కకు తల దాచుకునే చోటు లేదు.

“చచ్చినోళ్ళ ఆస్తికి ట్యాక్సు కట్టల్లంట కదప్పా?” అన్నాడు, దస్తావేజులు రాసే నాగరాజు ముందు కూర్చుని.

“లేదులే. ట్యాక్సు లేంది మన దేశంలో అదొక్కటే మిగిలిండాది.” నాగరాజు నవ్వి, రిజిస్ట్రారు ఆఫీసు నుంచి తెప్పించిన నకలు ముందుకు తోశాడు. “నీ కష్టం ట్యాక్సు కాదప్పా. ఆరేండ్ల కిందనే మీ యక్క ఇల్లు మరిది కొడుకు లోకేష్‌కు దానం రాసిచ్చింది. రిజిస్టరు గూడా అయింది. బతికుండంగానే ఇచ్చేసినాక వీలునామాలో ఇంగేమిస్తాది?”

“మా యక్కకు తెలీదు. కండ్లే కనపడవు దానికి!”

“తెలిసే ఇచ్చిందని సాక్షి సంతకం ఉండాదే. చూడు, ఎవురిదో.”

చదవనక్కర్లేకపోయింది. చివరి అక్షరం కింద లాగిన గీత చాలు. అక్క ఇంటి అరుగు, పింఛను ఆఫీసరని లోకేష్ వెంటబెట్టుకొచ్చిన మనిషి, వాడిచ్చిన పెన్ను, వాడి మాట గుర్తొచ్చాయి. “పింఛను కాగితం మామా, నువ్వు పెద్దమనిషివి, ఒక సంతకం గీకు.” గీకాడు.

“కోర్టులో చెప్తా. చదవకుండా పెట్టినానని చెప్తా.”

“చెప్పు. తేలేదానికి ఏండ్లు పడతాది. అంతవరకు వాడు ఆ యమ్మను ఇంట్లో ఉండనిస్తాడా?”

అక్క ఇంటికి వెళ్ళేసరికి యల్లక్క గడపలో కూర్చుని బియ్యం ఏరుతోంది. డెబ్బై దాటిన మనిషి, మోచేతుల ఎముకలు తేలాయి. ఇల్లు లోకేష్ పేరు మీద ఉందని చెప్పాడు. ఎవరో సాక్షి సంతకం పెట్టారని కూడా అన్నాడు.

“ఎవురోనా?” ఆమె చేటలోంచి తల ఎత్తలేదు. “ఆ పొద్దు పెన్ను పట్టుకొని దప్పికంటే, నీకు చెంబుతో నీళ్ళిచ్చింది నేనే గదబ్బా.”

కుళ్ళాయప్ప మొహం పాలిపోయింది.

“మరి ఇన్నేండ్లూ చెప్పలేదే యల్లక్కా?”

“పింఛనంటే నేనూ పింఛనే అనుకుంటి. ఇప్పుడన్నా చదివినావా?”

“లోకేష్ కాళ్ళు పట్టుకుంటా. నువ్వు బతికినన్నాళ్ళు ఉండనిమ్మంటా.”

“పట్టుకోపో. సంతకం పెట్టిన చేతులే గదా.”

లోకేష్ అంగడి ఊరి ఆ చివర. వాడు లేచి నిలబడనైనా లేదు. “మామా, సాక్షివి నువ్వే వచ్చి ఇట్లా అడిగితే ఎట్లా? రేపు తాళం మారుస్తాండా,” అన్నాడు. అంతే.

తిరిగొచ్చేసరికి తలుపు దగ్గరగా వేసి ఉంది. “గోరంట్ల బస్సుకు పోయిందప్పా, ఒక సంచి చంకన పెట్టుకొని. ఆడ ఎవురుండారో ఏమో,” అంది పక్కింటామె. కుళ్ళాయప్ప లోపలికి వెళ్ళాడు. గదులు ఊడ్చి ఉన్నాయి. చేట గోడకు ఆనించి ఉంది. పెరటి తలుపు తీశాడు.

తొమ్మిదేళ్ళు అక్క కింద పెట్టిన స్టీలు బెడ్‌పాన్‌ను బూడిదతో తళతళా తోమి బండ మీద బోర్లించి పోయింది యల్లక్క. అంచు నుంచి నీళ్ళు ఇంకా కారుతున్నాయి.