మెట్ల కింద టైపిస్టు

తమ్ముడు ఆమెను చక్రాల కుర్చీలోంచి ఎత్తి, మెట్ల పక్క గోడకి ఎత్తున బిగించిన హాజరు మిషన్ దాకా తీసుకెళ్లాడు. ఆమె వేలు ఆనించింది. "ధన్యవాదాలు" అంది మిషన్. ఆ భవనంలో మర్యాద తెలిసింది దానికొక్కదానికే. వెనక వరసలో ఉన్నవాళ్లంతా ఫోన్లలో తలలు దూర్చేశారు. నలభై రెండేళ్ల మనిషిని చంటిపిల్లలా ఎత్తుకుంటే ఎటు చూడాలో పాపం వాళ్లకి మాత్రం ఏం తెలుస్తుంది!

ఆఫీసు మేడమీద. లిఫ్టు లేదు. అందుకని మెట్ల కింద, చీపుర్ల పక్కన ఆమెకో బల్ల వేశారు. స్కానింగ్ డాక్టర్లు రికార్డు చేసి పంపిన మాటలు విని రిపోర్టులు టైపు చేయడం ఆమె పని. చేతులు భుజం దాటి లేవవు గానీ వేళ్లు చకచకా ఆడతాయి. తొమ్మిదేళ్లు ఇంటి నుంచే చేసింది. ఒకసారి డాక్టరు కుడి కిడ్నీ అనబోయి ఎడమ అన్నాడు. ఆమె ఫోన్ చేసి అడగబట్టి సరిపోయింది, లేకపోతే ఎవరికి మూడేదో! నెల కిందట, అందరూ ఆఫీసుకి రావాల్సిందే అన్నారు.

మధ్యాహ్నం మేనేజరు మేడమీంచి ఫోన్ చేశాడు.

"ఇంకో పాతిక రికార్డింగులు పంపించానమ్మా."

"సార్, మీరు పైనుంచి ఫోన్లోనే చెప్తున్నారు, నేను కింద ఫోన్లోనే వింటున్నా. ఇదేదో ఇంట్లోనే వింటాను కదా? పోనీ, గోడమీది ఆ మిషనన్నా నా కుర్చీకి అందేలా కాస్త కిందికి దింపించండి."

"రూలు అందరికీ ఒకటేనమ్మా. మిషన్ సంగతి పైవాళ్లకి రాశాం."

చెడ్డవాడేం కాదు. రాయడంతో ఆయన పని అయిపోయింది, అంతే.

బాత్రూమ్ కూడా మేడమీదే. తెల్లారినప్పటి నుంచి ఆమె గుక్కెడు నీళ్లు ముట్టలేదు. నాలుక పిడచకట్టుకుపోయింది. అయినా ఈ ఉద్యోగం పోతే? తన మందులు తను కొనుక్కునే మనిషి, ఇంట్లో తన మాటకో విలువున్న మనిషి, మళ్లీ ఒకరి మీద పడాలి. ఆ భయంతోనే నెలంతా నెట్టుకొచ్చింది.

సాయంత్రం తమ్ముడొచ్చి మళ్లీ ఎత్తాడు. సగంలో అతని నడుం పట్టేసింది. పళ్లబిగువున మూలిగాడు.

"దించరా."

"ఒక్క నిమిషం అక్కా, వేలు పెట్టేసి..."

"దించమన్నానా! నీ నడుం విరగ్గొట్టి నేను హాజరు వేయించుకోవాలా?"

కుర్చీలో కూర్చోబెట్టాడు. ఆమె తన బల్ల దగ్గరికి తిరిగెళ్లి రాజీనామా టైపు చేసి పంపింది. మూడు వాక్యాలు. కళ్లు మసకబారుతున్నా ఒక్క తప్పు పడలేదు. తర్వాత వాచ్‌మన్ దగ్గర పెన్సిల్ అడిగి తీసుకుంది.

గేటు దాటాక సీసాడు నీళ్లు గటగటా తాగేసింది.

లోపల గోడమీద, కూర్చున్న మనిషి చెయ్యి అందే ఎత్తులో, ఒక పెన్సిల్ గీత. దాని పక్కన చిన్న అక్షరాలు: "ఇక్కడ పెట్టండి."