మోసుకొచ్చిన మనిషి

“నీ బట్టలు మా బట్టల్లో కలపకు” అంది మా అత్తగారు, బకెట్టును కాలితో నా వైపు నెట్టి.

మా బట్టలంటే ఆవిడవి, ఆవిడ కొడుకువి, నా కూతురివి. అవన్నీ ఉతికేది నేనే. నా బట్టలకు అంటుకున్న వైరస్ నా చేతులకు మాత్రం ఎందుకు అంటుకోదో అడగాలనిపించింది. అడిగితే మాత్రం ఆ ఉతుకుడు తప్పుతుందా? నాకు వేరే బకెట్టు, వేరే సబ్బు, వేరే తీగ. ఇంటి వెనక నా యూనిఫారం ఒక్కటే ఆరుతుంటే పక్కింటివాళ్ళు ఆ వైపు కిటికీ మూసుకునేవారు.

నేను నర్సును. ఎక్కడో దూరదేశంలో పుట్టిన జ్వరం విమానమెక్కి దేశదేశాల్లో దిగుతోందని టీవీలు హోరెత్తిస్తున్న రోజుల్లో నన్ను ఆసుపత్రి నుంచి విమానాశ్రయానికి వేశారు. విదేశాల నుంచి దిగినవాళ్ళు వరసల్లో వస్తారు. మేం వాళ్ళ నుదుటికి థర్మామీటరు గురిపెడతాం. పచ్చదీపం వెలిగితే ఇంటికి, ఎర్రదీపం వెలిగితే పక్కగదికి, అక్కణ్ణుంచి అటే క్వారంటైనుకు. “మా ఆవిడ ఎయిర్‌పోర్టులో తుపాకీ పట్టుకుంటుంది, ఇంటికొస్తే గరిటె పట్టుకుంటుంది” అని మా ఆయన స్నేహితులకు చెప్పి నవ్వేవాడు. మొదట్లో నేనూ నవ్వాను.

మొదట్లో అందరికీ నా ఉద్యోగం కబుర్లు సరదాగానే ఉండేవి. ఓ పెద్దమనిషి థర్మామీటరు చూసి రెండు చేతులూ పైకెత్తాడని చెబితే మా పాప పొలమారేలా నవ్వింది. కొందరు విమానం దిగేముందు జ్వరం మాత్ర మింగి వస్తారనీ, కాసేపు ఒళ్ళు చల్లబడి మిషను మోసపోతుందనీ కూడా ఒకనాడు భోజనాల దగ్గర చెప్పాను. “భలే తెలివే!” అన్నాడు మా ఆయన.

తర్వాత ఒకరోజు వీధిలో ఎవరో మా అత్తగారిని ఆపి, “మీ కోడలు అక్కడే పనిచేస్తుందటగా” అని అడిగి, జవాబు వినకుండానే వెనక్కి జరిగారట. ఆ సాయంత్రం నా కంచం వరండాలోకి వచ్చింది. మర్నాడు పడక, ఆ తర్వాత దువ్వెన. పాప నాయనమ్మ పక్కలో పడుకోవడం మొదలుపెట్టింది. వంటింట్లోకి మాత్రం నాకు ప్రవేశం ఉంది. వేడికి వైరస్ చచ్చిపోతుందని టీవీలో చెప్పారట. కాబట్టి నేను వండవచ్చు, వడ్డించకూడదు. పాప జడ వేయకూడదు గాని పాప బట్టలు ఇస్త్రీ చేయవచ్చు, ఇస్త్రీ కూడా వేడే కదా. కొన్నాళ్ళు ఉద్యోగం మానేస్తానని మా ఆయనతో అన్నాను. “ఇప్పుడు మానేస్తే ఎలా? అందరూ ఓర్చుకోవడం లేదూ?” అన్నాడు. ఆయన ఏం ఓర్చుకుంటున్నాడో నాకు బోధపడలేదు. బహుశా నన్నేమో.

అయినా మా అత్తగారిని పూర్తిగా తిట్టుకోలేను. నేను వరండాలో తింటున్నంతసేపూ ఆవిడ గడపకు అవతల, నాకు వీపు పెట్టి కూర్చునేది. మొహం చూపిస్తే ఊపిరి తగులుతుందని భయం. లేచి వెళ్ళిపోతే నేను సగం తిని వదిలేస్తానని అదో భయం. “ఒంటరిగా తింటే ఒంటికి పట్టదు” అని గోడకేసి చూస్తూ, ముందురోజు సీరియల్లో ఏం జరిగిందో, ఏ కోడలు ఏ అత్తకు గడ్డి పెట్టిందో వర్ణించి చెప్పేది. నా మొగుడు ఆ గడప దగ్గరికి ఒక్కసారి కూడా రాలేదు.

అందరూ ప్రయాణాలు మానుకుంటున్న సమయంలో ఆయన కంపెనీ పనిమీద విదేశం బయల్దేరాడు. “ఈ గొడవల్లో నువ్వెళ్ళకపోతే ఏంరా?” అని తల్లి గోల పెట్టింది. “వీళ్ళంతా భయపడి ఆగిపోయినప్పుడు వెళ్తేనే అమ్మా, మనం పైకొచ్చేది” అన్నాడు. ఆయన పెట్టె నేనే సర్దాను. మడతపెట్టేవి ఇస్త్రీ బట్టలు గనక ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

ఆయన తిరిగొచ్చిన రోజు నేను డ్యూటీలో ఉన్నాను. అద్దాల తలుపులు తెరుచుకుని, ముక్కూ నోరూ మూసుకున్న జనం, ఒకరినొకరు అనుమానంగా చూసుకుంటూ లోపలికి వచ్చారు. ఎవరో తుమ్మితే చుట్టూ ఉన్నవాళ్ళు చెదిరిపోయారు. ఆ గుంపులో ఆయన నడక గుర్తుపట్టి నా గుండె ఝల్లుమంది. సిగ్గు లేదు దీనికి, పెళ్ళయి ఇన్నేళ్ళయినా. నా ముందు వరస చిన్నదే. ఆయన పక్క వరసలోకి వెళ్ళి నిలబడి, అక్కణ్ణుంచి నాకు చెయ్యి ఊపాడు. పచ్చదీపం వెలిగింది, వెళ్ళిపోయాడు. “మీ ఆయనకి మీరంటే హడలండోయ్” అని పక్క కౌంటరు అమ్మాయి నవ్వింది. మనసు చివుక్కుమన్నా నేనూ నవ్వి, తర్వాతి మనిషి నుదుటికి థర్మామీటరు పెట్టాను.

ఇంటికి వెళ్ళేసరికి లోపలి గది తలుపు వేసి ఉంది. “ప్రయాణం బడలిక. వాణ్ణి లేపకు” అంది అత్తగారు. ఆ బడలిక మర్నాటికీ తీరలేదు, ఆ మర్నాటికీ తీరలేదు. పాపను ఆ గది వైపు రానివ్వకుండా, తనే లోపలికీ బయటికీ తిరిగింది. వేడినీళ్ళు కావాలంటే కాచి గడప దగ్గర పెట్టాను. “జ్వరంగానీ ఉందా అత్తయ్యా? ఒకసారి చూస్తాను” అన్నాను. “నీ ఆసుపత్రి మాటలు ఇంట్లోకి తేకు” అని కసిరింది. ఇంట్లో ఉన్న ఒక్క నర్సునీ వరండాలో కూర్చోబెట్టి, లోపల ముసలావిడ ఒళ్ళు హూనం చేసుకుంది. తర్వాత ఆయన లేచాడు, స్నానం చేసి, గడ్డం గీసుకుని, వాతావరణం పడలేదని చెప్పి ఆఫీసుకు వెళ్ళాడు.

ఆ తర్వాతే ఒక సాయంత్రం, గడపకు అవతల సీరియల్ కథ చెబుతూ చెబుతూ ఆవిడ ఆగిపోయింది. కథ మరిచిపోయిందేమో అనుకున్నాను. ఇంతలో ఊపిరి చప్పుడు వినిపించింది. ఆ చప్పుడు నాకు వార్డుల్లో తెలుసు. కంచం వదిలి లోపలికి వెళ్ళి ఆవిణ్ణి పట్టుకున్నాను. ఒళ్ళు కాలిపోతోంది. నేను ముట్టుకున్నానని ఆవిడ ఒక్క మాట అనలేదు. అప్పుడు భయం వేసింది నాకు.

అంబులెన్సు వచ్చింది. వీధిలో కిటికీలన్నీ మూసుకున్నాయి, తెరల వెనక తలలు మాత్రం కనిపించాయి. మిగిలిన ముగ్గురికీ పరీక్ష చేస్తే వైరస్ లేదన్నారు. ఆరోగ్యశాఖ నుంచి ఫోను వస్తే మా ఆయన మాట్లాడాడు. “అనుమానమేముందండీ, మా ఆవిడ పనిచేసేది ఎయిర్‌పోర్టులో” అన్నాడు. మీరూ విదేశం నుంచి వచ్చారు కదా అని అడిగినట్టున్నారు. “నాకు అక్కడే చూసి పచ్చదీపం చూపించి పంపారండీ. ఆ తర్వాత కూడా శుభ్రంగా ఉన్నాను” అన్నాడు. ఫోను పెట్టేసి, నా వైపు చూడకుండా, “ఒంట్లో రోగం లేకపోయినా మోసుకురావచ్చట” అన్నాడు.

నేను నమ్మాను. నా బట్టల నుంచో, చెప్పుల నుంచో, నేను వండిన గిన్నెల నుంచో ఆవిడకు అంటించానని నమ్మి, చేతులు రక్తం చిమ్మేదాకా తోముకున్నాను. హెడ్ నర్సును బతిమాలి ఆవిడ ఉన్న వార్డులోనే డ్యూటీ వేయించుకుని, ఆసుపత్రి హాస్టల్లో ఉండిపోయాను. చుట్టాలను ఎవరినీ రానివ్వని ఆ గదిలో ఆవిడకు నేనొక్కదాన్నే దక్కాను. కొడుకు రోజూ ఫోను చేసేవాడు. నేను డ్యూటీలో లేని వేళ చూసి చేసేవాడు. వార్డు ఫోనును ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఎవరో ఒక నర్సు ఆవిడ చెవికి ఆనించేది.

ఒక పొద్దున ఆవిణ్ణి పక్కకు తిప్పుతుంటే కళ్ళు తెరిచి, “నువ్వేనా?” అంది.

“నేనే అత్తయ్యా. ఒళ్ళంతా కప్పిన ఈ సూటు వేషంలో ఎలా గుర్తుపట్టారు?”

“నువ్వే నెమ్మదిగా తిప్పుతావు.” కాసేపు ఊపిరి కూడదీసుకుంది. “నీ వల్ల రాలేదే నాకు. వాడి వల్ల వచ్చింది. దిగిన రోజే వాడి ఒళ్ళు పేలిపోతోంది. విమానంలోనే మాత్ర మింగాడట. నువ్వు చెప్పిందేనట, భోజనాల దగ్గర.”

నా చేతులు దుప్పటి మీద ఆగిపోయాయి. ఆయన పక్క వరసలో ఎందుకు నిలబడ్డాడో అప్పుడు తెలిసింది. నా చేతులను నేను తోముకున్న తోముడంతా గుర్తొచ్చింది.

“బయటికి పొక్కితే వాణ్ణి బతకనివ్వరు” అంది ఆవిడ. “ఉద్యోగం ఊడుతుంది, నలుగురూ మొహాన ఉమ్ముతారు. వాడు తట్టుకోలేడు. నీ వల్లే అనుకోనీ అందరూ.”

“మరి నేను తట్టుకుంటానా అత్తయ్యా?”

“నీకు అలవాటే కదమ్మా” అంది. ఎగతాళికి అనలేదు. నన్ను అమ్మా అని పిలవడం అదే మొదటిసారి. “మాటివ్వు” అని, ఇన్నాళ్ళూ తన కొంగుకు కూడా తగలనివ్వని నా చేతిని, గ్లవ్స్ మీద నుంచి, శక్తికొద్దీ పట్టుకుంది.

ఇచ్చాను. ఊపిరి అందక కొట్టుకుంటున్న మనిషితో వాదించడం నాకు చేతకాలేదు. ఆ కాస్సేపటికే గొంతులో గొట్టం వేశారు. మళ్ళీ ఎవరితోనూ మాట్లాడలేదు ఆవిడ. పోయినప్పుడు కళ్ళు మూసింది నేనే, చిక్కులు పడ్డ జుట్టు వేళ్ళతో సరిచేసింది నేనే. గడప అవతల నాకు వీపు పెట్టి కూర్చున్న ఆ మనిషి కోసం, ఆ సూటు లోపల, అద్దాలు మసకబారేదాకా ఏడ్చాను. తుడుచుకోవడానికి వీల్లేదు ఆ సూటులో.

పరీక్షలో వైరస్ లేదని తేలి నేను ఇంటికి బయల్దేరుతుంటే హెడ్ నర్సు, “మీ ఆయన వచ్చిన విమానంలోనే దిగిన ఓ ముసలి దంపతులు చేరారు. ఎవరి నుంచి వచ్చిందో అంతుపట్టడం లేదు” అంది. నా నాలుక కొసదాకా వచ్చింది. మాటిచ్చాను కదా, మింగేశాను.

ఇంట్లో మా ఆయన సోఫాలో కూర్చుని ఫోనులో మాట్లాడుతున్నాడు. నన్ను చూసి గొంతు తగ్గించాడు గాని ఆపలేదు. “ఏం చేస్తాం పిన్నీ, దాని ఉద్యోగం అలాంటిది. మానెయ్యమని నేను మొత్తుకుంటూనే ఉన్నా. వింటేగా.” అటు నుంచి పిన్నత్తగారి ఏడుపు, మధ్యమధ్య నా పేరు వినిపిస్తున్నాయి. నేను వంటింట్లోకి వెళ్ళి, పేరుకుపోయిన గిన్నెలు చూసి, అలవాటు కొద్దీ కుళాయి తిప్పాను.

పాప గుమ్మంలో నిలబడింది. జడ ఎవరు వేశారో, ఒక పక్క వదులై జారిపోతోంది. ఇన్నాళ్ళకు దాన్ని దగ్గరికి తీసుకోవచ్చని చేతులు తుడుచుకుని ముందుకు వంగాను. అది వెనక్కి జరిగింది.

“అమ్మా, నాయనమ్మకి నువ్వే అంటించావా?”

దాని తల మీదుగా హాలులోకి చూశాను. ఆయన విన్నాడు. ఫోను పెట్టేసి, తల వంచుకుని, ఆ ఫోను అద్దాన్నే చొక్కా అంచుతో తుడుస్తున్నాడు. ఒక్క మాట అంటాడేమోనని చూశాను. ఆయన పరువు కోసం వద్దు, నా కోసం వద్దు, ఆ పిల్ల నా దగ్గరికి రావడానికి ఒక్క మాట. తుడుస్తూనే ఉన్నాడు.

“లేదు తల్లీ” అన్నాను. “నా వల్ల కాదు.”

ఆయన దిగ్గున లేచాడు. “అదేమిటి? అమ్మ నీతో మాట్లాడలేదా? మాట్లాడతానందే!”

ఆ గదిలో ఆవిడా నేనూ తప్ప మూడో మనిషి లేడు. ఆ తర్వాత ఆవిడ నోరు విప్పలేదు. అంటే ఆ ముందే, నేను లేని వేళ చూసి చేసిన ఏదో ఒక ఫోనులో, ఆక్సిజన్ మీద ఉన్న తల్లికి ఈ పని అప్పగించాడన్నమాట. నా కంచం వరండాలో పెట్టిన మనిషి, చావబోతూ కూడా ఊపిరి కూడదీసుకుని కొడుకు పని ఒకటి చేసి పెట్టి పోయింది. నాకు అలవాటే అంది. ఆవిడకీ అంతే అలవాటని ఆ వంటింట్లో నిలబడితే తెలిసింది. ఆవిడ మీద ఉన్న కోపమంతా కరిగిపోయి, ఒక్క దుఃఖం మిగిలింది.

ఆయన ఇంకా ఏదో అంటున్నాడు, పిల్ల ముందు ఏమిటిది, అమ్మ ఆత్మ ఏమనుకుంటుంది అని. నేను కుళాయి కట్టేసి, హెడ్ నర్సుకు ఫోను చేశాను.

“అక్కా, రాసుకోండి” అన్నాను, పాపకు వినబడేలా. “ఆ విమానంలో జ్వరంతో దిగిన మనిషి మా ఇంట్లోనే ఉన్నాడు.”