తలకిందుల చీపురు

నాటకశాలలో తన మేకప్ గదిలో, మెడ వెనక పౌడరు రాసే మనిషి లేక, చిదొరి చెయ్యి వెనక్కి విరుచుకుని తనే పాముకుంటోంది. అరవై దాటిన మెడ; ముడతల్లో తెలుపు సరిగ్గా పట్టదు. ఒకప్పుడు ఒసాకాలో జాజ్ పాటంటే ఈ గొంతే. సినిమాల్లో నాయిక వేషాలూ వేసింది. ఇప్పుడు ఈ నాటకంలో సత్రం ముసలమ్మ. ఇదీ పోతే మళ్ళీ రంగస్థలం ఎక్కేది లేదని ఆమెకు తెలుసు.

నీళ్ళకని తలుపు తీస్తే, గుమ్మం పక్కన చీపురు తలకిందులుగా నిలబెట్టి ఉంది, పుల్లల మీద తుండుగుడ్డ కప్పి. ఎంతకీ కదలని చుట్టం లేచిపోవాలని అక్కడి ఇళ్ళలో చాటుగా చేసే పని అది. చిదొరికి ఒళ్ళు మండిపోయింది.

ఎదురుగదిలో మిజుకి కిసుక్కుమంది. నాటకంలో నాయిక, నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల.

"అక్కగారూ, ఇవాళైనా కాస్త గట్టిగా ఏడవండి. నిన్న కన్నీళ్ళే రాలేదట!"

"నీ పాట వింటే ఏడుపు దానంతటదే రావాలే తల్లీ. ఎందుకు రావట్లేదో మరి!"

ఆ పాట చిదొరి పేరు మోగించిన పాట. ఇప్పుడు మిజుకి పాడుతుంటే, సత్రం ముసలమ్మగా తను వెనక నేల ఊడుస్తూ మురిసిపోయి కళ్ళు తుడుచుకోవాలి. సిగ్గు విడిచి రోజూ తుడుచుకుంటూనే ఉంది.

మధ్యాహ్నం ఆట. అన్నం డబ్బాలు ఒళ్ళో పెట్టుకున్న జనం, ఎప్పట్లాగే నాలుగు దెబ్బల తాళంలో ఒకటికీ మూడుకీ చప్పట్లు కొడుతున్నారు. మిజుకి దాన్నే పట్టుకుని పాడుతోంది. జాజ్ అలా నడవదు; దాని ఊపు మిగతా రెండు దెబ్బల్లో ఉంటుంది.

ఊడ్చడానికి చిదొరి తన గది గుమ్మం దగ్గరి చీపురే వేదిక మీదికి తెచ్చుకుంది. కళ్ళు తుడుచుకోలేదు. రెండుకీ నాలుగుకీ దాని కర్రతో నేలమీద టక్, టక్ మనిపించింది. ముందు వరస చప్పట్లు తడబడ్డాయి, ఆగాయి, మెల్లగా చీపురు వెంట నడిచాయి. మిజుకి తాళం తప్పి, చరణం మధ్యలో నోరు తెరుచుకుని నిలబడిపోయింది. వదిలేసిన చరణాన్ని చిదొరి అందుకుంది. గొంతు బొంగురుపోయింది, పైస్థాయి అందలేదు. అయినా చివరిదాకా పాడింది.

తెర పడగానే మేనేజరు ఒనోడెరా ఊగిపోయాడు. "మతి పోయిందా మీకు? ఇక ఈ గడప తొక్కకండి!"

"తొక్కనులేవయ్యా. ముందు ఆ పిల్లకి తాళం నేర్పించు."

మిజుకి వెక్కి వెక్కి ఏడుస్తోంది. చిదొరికి జాలి కలగలేదు. సవరం తీసేసి, ముఖం కడుక్కుని, ఎవరికీ చెప్పకుండా వెనక తలుపున వెళ్ళిపోయింది.

సాయంత్రం ఆటకని మిజుకి తన గది తలుపు తీసేసరికి, గుమ్మం పక్కన ఆ చీపురే తలకిందులుగా నిలబడి ఉంది, అదే తుండుగుడ్డ కప్పుకుని.