రెండు వైపులా చేతులు చాచిన చొక్కా

సెతూబల్ రేవుకి ఎగువన మిట్ట మీది సందులో సోమవారం వచ్చిందంటే ప్రతి కిటికీకీ బట్టలు వేలాడతాయి. అక్కడి బట్టలు గాలివాటున ఊగవు; తొడుక్కున్నవాళ్ళ మనసు ఎటుంటే అటు చేతులు చాస్తాయి. అల్బాను ప్యాంటు సారా అంగడి వైపు కాళ్ళు చాపితే, అతని పెళ్ళాం గ్రాసా దులిపి మళ్ళీ ఆరేస్తుంది, అంతే.

యులాలియా గౌను ఎప్పుడూ కొడుకు లియొనెల్ గది వైపే. కేప్ వెర్డే దీవుల నుంచి వచ్చిన నల్లటి మనిషి ఆమె. చేపలు పట్టే తెల్లవాణ్ని చేసుకుంది. అతను పోయి చాలా కాలమైంది. కొడుక్కి తండ్రి రంగే వచ్చింది. తల్లి ఇచ్చిన ఉంగరాల జుట్టుని అతను నున్నగా గొరిగించుకుంటాడు. దిగువ ఊళ్ళో అందరూ అతన్ని తెల్లవాడనే అనుకుంటారు. కాదని అతనెప్పుడూ అనలేదు.

తన చొక్కాలు తనే ఉతుక్కుని, తలుపు మూసి గదిలో ఆరేసుకుంటాడు. బయట వేస్తే దిగువన, అతను మనసిచ్చిన బడిపంతులు దువార్తె ఇంటి వైపు చేతులు చాస్తాయి. అమ్మతో చర్చికి వెళ్ళే ఆడవాళ్ళ నోళ్ళంటే అతనికి జడుపు.

శనివారం చేపల బజారులో, దువార్తె పక్కనుండగా, తల్లి ఎదురైంది.

"తిన్నావా నాయనా?"

"ఎవరు?" అన్నాడు దువార్తె.

"మా ఇంట్లో పనిచేసేది," అనేశాడు లియొనెల్.

యులాలియా సంచీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. "అవును బాబూ. చిన్నప్పుడు ఈ బాబుగార్ని ఎత్తుకుని తిప్పాను," అంది. కన్నకొడుకుని బాబుగారంది.

ఇంటికొచ్చాక తల్లి వేడివేడి సూపు పెట్టింది. అతను గిన్నె పక్కకి జరిపాడు. తిట్టినా బాగుండేది.

సోమవారం ఆమె గౌను ఎప్పట్లాగే అతని గది వైపు చేతులు చాచింది. అది చూసి లియొనెల్ సిగ్గుతో చచ్చిపోయాడు. తడి చొక్కా పట్టుకొచ్చి అందరెదుటా తీగ మీద వేశాడు. ఒక చెయ్యి దిగువకి, ఒకటి తల్లి వైపు. రెండూ బిగిసి, వీపు మీద కుట్టు పటుక్కుమంది.

"అబ్బో, ఇద్దరా!" అంది గ్రాసా. "మా ఆయనకి ఒక్కటే, అదీ సీసా."

యులాలియా కుట్టు తడిమింది. "దిగువన ఆ పంతులుగారేనా?"

నేల చూస్తూ తలూపాడు. "అమ్మా, మొన్న బజార్లో నేను..."

"నాకెందుకు చెప్పడం, నేను విన్నాగా. చెప్పాల్సింది అతనికి." క్లిప్పులు తీసి చొక్కా చేతికిచ్చింది. "ఇంతలేసి దూరాలు లాగితే ఏ గుడ్డయినా చిరుగుతుంది. అతన్నే భోజనానికి పిలువు."

లియొనెల్ తట్టగానే దువార్తె నవ్వుతూ తలుపు తీశాడు. లియొనెల్ చెవులు కాలిపోతున్నాయి.

"మొన్న బజార్లో కనబడిందే... ఆవిడ మా అమ్మ. నిన్ను భోజనానికి రమ్మంటోంది."

దువార్తె నవ్వు ఆగిపోయింది. తర్వాత బూట్లు తొడుక్కున్నాడు. మిట్టెక్కుతున్నంతసేపూ పక్కనే నడిచాడు గానీ చెయ్యి పట్టుకోలేదు. లియొనెల్ తలెత్తలేదు.