మా ఆయన బొటనవేలు

మా ఆయన బొటనవేలంటే నాకు అసహ్యం. అన్నం తిన్న చెయ్యి సగమే కడుక్కుని దాన్ని నా ఫోన్ మీద అద్దుతాడు. అద్దం మీద మిగిలిన జిడ్డు ముద్రను కొంగుతో తుడిచేది మళ్లీ నేనే.

ఆ ఫోన్ నా జీతంతో కొన్నది. ఆసుపత్రి దుప్పట్లు ఉతుకుతూ పదకొండేళ్లు సోడానీళ్లలో నానిన చేతులివి. కొన్నరోజు ఫోన్‌కి వేలిముద్ర తాళం పెట్టడానికి షాపతను నా కుడిచేతి వేళ్లన్నీ ఒక్కొక్కటే పెట్టించి చూశాడు. ఒక్కటీ పట్టలేదు. "గీతలు అరిగిపోయాయమ్మా," అన్నాడు.

"మా ఆవిడ నుదుటి మీద గీత బాగోలేదనుకున్నా, వేలి మీద గీతే లేదన్నమాట!" అని పకపకా నవ్వి, మా ఆయన తన బొటనవేలు పెట్టేశాడు. నాకు మిగిలింది నాలుగంకెలు. అవీ ఆయన పుట్టిన సంవత్సరమే.

పోయిన వారం డాక్టరమ్మ పంపిన రిపోర్టు నాకంటే ముందు ఆయనే తెరిచాడు. భోజనాల దగ్గర, మరిది ముందు, గట్టిగా చదివాడు. "గర్భసంచిలో గడ్డట! ఇక మీ వదిన రిటైరైనట్టేరా." మరిది పళ్లెంలోకి చూస్తూ నవ్వాడు. నా ఒంటి లోపలి సంగతి వాళ్ల ఎంగిలి పళ్లేల మధ్య పడి దొర్లింది. అయినా లేచి వాళ్ల గ్లాసుల్లో నీళ్లు పోశాను.

"మొగుడి దగ్గర దాపరికమేంటే? అయినా దాచుకోడానికి నీ దగ్గరేముందని!" అంది అత్తగారు. ఆవిడ కొడుకు ఫోన్ మాత్రం ఎప్పుడూ బోర్లా పడుకునే ఉంటుంది.

ఆ గడ్డ మంచిదో చెడ్డదో చెప్పే రిపోర్టు సోమవారం వస్తుంది. అది ముందు నేను చదవాలి. అంతే.

మా దగ్గర దుప్పట్లు మడతపెట్టే పెద్దావిడతో ఈ మాటంటే, నా చేతులు రెండూ తిప్పి చూసింది. "పిచ్చిదానా, పని చెయ్యని వేలు ఒక్కటైనా ఉండదా నీకు?"

వెతికితే దొరికింది. ఎడమచేతి చిటికెనవేలు. దాని మీద సన్నటి గీతలు సుడి తిరిగి ఇంకా అలాగే ఉన్నాయి. ఇన్నేళ్లలో నా ఒంట్లో చాకిరీకి దొరక్కుండా తప్పించుకున్నది అదొక్కటే. బాత్రూమ్ గడియ వేసుకుని అంకెలు మార్చాను. ఆయన బొటనవేలు తీసేశాను. చిటికెనవేలు ఆనించగానే ఫోన్ ఊఁ అన్నట్టు చిన్నగా వణికింది.

సోమవారం పొద్దున నేను అంట్లు తోముతుంటే ఫోన్ టింగుమంది. ఆయన అద్దాడు. మళ్లీ అద్దాడు. వేలు చొక్కాకు తుడుచుకుని ఇంకోసారి అద్దాడు.

"ఏమే, ఇది తెరుచుకోవట్లేదేంటి?"

చేతులు కొంగుకి తుడుచుకుని ఫోన్ తీసుకున్నాను.

"మీ వేలు అరిగిపోయిందేమోనండీ," అన్నాను.