తెల్ల ఫిల్ములో తెల్ల గడ్డ

అమ్మలారా, సిగ్గుపడకుండా చదవండి.

రెండువేల ఆరు వేసవి. బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్లో అచ్చియమ్మ ఆవకాయ ముక్కలు కొడుతోంది. చెయ్యెత్తినప్పుడల్లా ఎడమ రొమ్ములో బఠాణీ గింజంత గడ్డ గుర్తొస్తోంది. నాలుగు నెలలు ఎవరికీ చెప్పలేదు. చీర చెంగు కప్పేస్తే పోతుందనుకుంటాం కదా మనం!

చివరికి మామోగ్రఫీ, అంటే రొమ్ము ఎక్స్‌రే, తీయించుకుంది. ఫిల్ములో ఏమీ కనబడలేదన్నారు. రైల్వే ఇళ్ళలో డాక్టరు ఒకసారి ‘ఫిట్’ అని రాస్తే ఇక మాట లేదు, మర్నాడు డ్యూటీకి పోవడమే. ఇదీ అలాంటిదే అనుకుందావిడ. కానీ డాక్టరమ్మ ప్రణీత గడ్డను తడిమి చూసి, అల్ట్రాసౌండ్, అంటే శబ్దం పంపి లోపల చూసే స్కాను, కూడా చేయించమని చీటీ రాసింది.

“అచ్ఛా! ఒక మిషన్లో ఏటీ లేదంటే ఇంకో మిషనా?” వెల్లుల్లి వలుస్తూ అంది పక్క క్వార్టర్ మంగాయమ్మ. “కొత్త మిషను కొన్నారు, దానికి మేత గావాలి. నువ్వు దొరికినావు ఒదినా!”

అచ్చియమ్మకూ అదే అనుమానం. లేకపోతే ఏమీ లేదన్న ఫిల్ము చూసి డాక్టరమ్మ పెదవి ఎందుకు విరిచింది, బేరం పోయిందనా? చీటీ మడిచి పోపులపెట్టెలో పడేసింది.

సాయంత్రం భర్త సింహాచలం డ్యూటీ దిగి వచ్చాడు. పట్టాల వెంట నడిచి బోల్టులు చూసే కీమాన్ అతను.

“ఇయ్యాల మిషనోళ్ళొచ్చి నా బీటులో ఒక పట్టా మార్పించినారే. పైకి అద్దంలాగున్నాది. నిన్న నానే బాగున్నాదన్నాను. లోపల పగులు!”

“నీకు కనబడనేదా?”

“కంటికి కనబడితే మిషనెందుకు? అది శబ్దం పంపి లోపల సూత్తాది. అలాగని నన్ను మానిపించేత్తారేటి? వదులైన బోల్టు దానికి తెలీదు. ఇద్దరమూ ఉండాల.”

అచ్చియమ్మ లేచి పోపులపెట్టె తెరిచింది.

మర్నాడు డాక్టరమ్మను సూటిగానే అడిగింది. “నిజం సెప్పండమ్మా, ఇంకో మిషనుతో మీకేటి లాభం?”

డాక్టరమ్మ కోప్పడలేదు. ఫిల్మును వెలుగుకి పట్టింది. “మీ రొమ్ము దట్టమైనది, అంతా తెల్లగా పడింది. గడ్డా తెల్లగానే పడుతుంది. బియ్యంలో తెల్లరాయి ఏరడమే ఇది. అల్ట్రాసౌండులో అయితే నల్లగా తేలుతుంది. ఎక్స్‌రే దండగని కాదు, కొన్ని కేన్సర్లకు తొలి గుర్తుగా వచ్చే సన్నని సున్నపు చుక్కల్ని అదే బాగా పడుతుంది.”

స్కానులో గడ్డ తేలింది. సూదితో చిన్న ముక్క తీసి పరీక్షిస్తే కేన్సరే. చిన్నదిగా ఉండగానే దొరికింది. కోసి తీసేశారు, మందులు వాడారు.

మరుసటి వేసవి ఆవకాయ సాయానికి వచ్చిన మంగాయమ్మ గొంతు తగ్గించింది. “నాకూ ఏదో తగులుతున్నాది ఒదినా. ఫిల్ము తీయించేసినాను, ఏటీ లేదన్నారు. ఇంక సాలదా?”

అచ్చియమ్మ కత్తిపీట పక్కకు నెట్టి, ఆమె చెయ్యి పట్టుకుని లేవదీసింది. “పద ఆసుపత్రికి. నీ అనుమానం డాక్టరు మీద పెట్టకు, ఆ గడ్డ మీద పెట్టు. సేతికి తగులుతున్నంతకాలం ఒక్క మిషను మాట నమ్మి ఊరుకోకూడదే, మంగా!”